గీతల మధ్య నిశ్శబ్దం: నస్రీన్ మొహమ్మదీ చిత్రకళ

(సూరత్‌లోని తెలుగు విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పడుగు అంటే ఏమిటో, పేక అంటే ఏమిటో సూరత్ నగరంలో వివరించి చెప్పవలసిన పని లేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కోసం వచ్చిన నేత కుటుంబాలు ఎంతో కాలంగా ఇక్కడి మరమగ్గాల మధ్య జీవిస్తున్నవి. సిరిసిల్లవారు సాంచాలు అని పిలుచుకొనే ఆ మగ్గాల చప్పుడే ఇక్కడి పిల్లలకు మొదటి పాట. లింబాయత్, ఉధ్నా వైపు తెలుగు మాట వినిపించే వీధులు ఎన్నో కలవు. నగరపాలక సంస్థ తన పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా భాషలతో పాటు తెలుగు మాధ్యమానికి కూడా చోటు కల్పించింది. నూలు పోగు సరళరేఖలా బిగిసి నిలబడటం, పక్కనే మరొకటి, దాని పక్కనే ఇంకొకటి, ఆ వరుసలో ఒక్క పోగు తెగితే బట్ట అంతటికీ తెలిసిపోవడం - ఇవి ఈ పిల్లలు పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు.

జీవితంలో సగభాగం దాదాపు గీతలు గీయడానికే వినియోగించిన ఒక చిత్రకారిణిని గురించి ఇట్టి శ్రోతల ముందు ప్రస్తావించడం సముచితం. ఆమె పేరు నస్రీన్ మొహమ్మదీ. ఆమె చిత్రాలలో మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు లేడు, కథ లేదు. తెల్లని కాగితం మీద సిరాతోను, పెన్సిలుతోను గీసిన సన్నని రేఖలు మాత్రమే ఉంటవి. వాటికి పేర్లు కూడా లేవు. అయినప్పటికీ ఆధునిక భారతీయ చిత్రకళా చరిత్రలో ఆమెకు గల స్థానం నానాటికీ పెరుగుతున్నదే కాని తగ్గడం లేదు.

నైరూప్య చిత్రం అనగానే సామాన్యంగా వినిపించే ప్రశ్న ఒకటి ఉన్నది: ఇందులో ఏమున్నది? దీని అర్థమేమి? ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. కాని అదే మనిషి చీర అంచు చూసినప్పుడు ఆ ప్రశ్న అడగడు. సంక్రాంతి నెలలో ఇంటి ముందు ఇల్లాలు చుక్కలు పెట్టి, చుక్కకూ చుక్కకూ నడుమ గీతలు తిప్పి ముగ్గు వేస్తే, ఈ మెలిక దేనికి ప్రతిబింబమని ఎవరూ నిలదీయరు. చుక్కల సంఖ్య సరిపోయిందా, గీత తెగకుండా తిరిగి మొదటికి వచ్చిందా అని మాత్రమే చూస్తారు. రూపం లేని అందాన్ని గుర్తించే కన్ను తెలుగు ఇళ్లలో కొత్తది కాదు. ఐరోపాలో కాండిన్‌స్కీ, మాండ్రియాన్ వంటివారు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో వస్తురూపాన్ని వదలి రంగును, రేఖను స్వతంత్రం చేసినప్పుడు, 1915లో రష్యాలో మాలెవిచ్ తెల్లని నేపథ్యం మీద నల్లని చదరాన్ని ప్రదర్శించినప్పుడు, అక్కడ అది తిరుగుబాటు అనిపించుకొన్నది. ముగ్గు వేసే ఇల్లాలికి మాత్రం అది తిరుగుబాటుగా తోచి ఉండదు.

అయితే ముగ్గు వేరు, నస్రీన్ చిత్రం వేరు. ముగ్గుకు ఒక సంప్రదాయం, ఒక పండుగ, ఒక గడప ఉన్నవి. చీర అంచుకు కట్టుకొనే మనిషి ఉన్నది. నస్రీన్ కాగితానికి అట్టి ఆధారం ఏదీ లేదు. ఆ ఒంటరితనంలోకి ఆమె ఎట్లా వెళ్ళారు అన్నది తెలుసుకోవాలంటే ముందుగా ఆమె పుట్టుపూర్వోత్తరాలు పరిశీలించాలి.

నస్రీన్ 1937లో కరాచీలో జన్మించారు. అప్పటికి దేశ విభజన జరగలేదు. ఆమె పసితనంలోనే తల్లి మరణించింది. 1944లో కుటుంబం బొంబాయికి తరలివచ్చింది. తండ్రికి బహ్రెయిన్‌లో ఛాయాచిత్ర పరికరాల వ్యాపారం ఉండేది. అందువలన ఆమె బాల్య యౌవనాలు అరేబియా సముద్రపు రెండు ఒడ్డుల మధ్య నడిచినవని చెప్పవచ్చును: ఇటు బొంబాయి, దానికి దక్షిణంగా అలీబాగ్ సమీపంలోని కిహిమ్ తీరం, అటు బహ్రెయిన్ ఎడారి. నీటికీ ఇసుకకూ మధ్య కంటికి అడ్డు తగిలే వస్తువు ఏదీ లేకుండా సాగే ఆ దీర్ఘమైన అంచు ఆమె మనస్సులో చిన్ననాడే నాటుకొన్నది. కెమెరా ఆమెకు ఇంటి వస్తువు. ఈ రెండు విషయాలూ తరువాత ఆమె కళలో ఎట్లా పనిచేసినవో మునుముందు తెలుస్తుంది.

1954లో, పదిహేడేళ్ళ వయస్సులో, ఆమె లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ కళాశాలలో చేరి 1957 వరకు అక్కడ చదివారు. తిరిగి వచ్చిన తరువాత బొంబాయిలోని భూలాభాయి స్మారక సంస్థలో పనిచేయడానికి ఆమెకు చోటు దొరికింది. చిత్రకారులు, సంగీతజ్ఞులు, నాటక ప్రయోక్తలు ఒకే కప్పు కింద పనిచేసిన ఆ భవనం ఆనాటి బొంబాయి కళాజీవితానికి కూడలి. హుసేన్, తయ్యబ్ మెహతా వంటివారు అక్కడే ఆమెకు పరిచయమయ్యారు. అందరికంటె ఎక్కువగా ఆమెను ప్రభావితం చేసినవారు వి.ఎస్. గాయతోండే. నాగపూరులో జన్మించిన ఆ చిత్రకారుడు మితభాషి. బౌద్ధ ధ్యాన మార్గం మీద ఆసక్తి గలవాడు. ఏడాదికి కొద్ది చిత్రాలు మాత్రమే వేసేవాడు. చిత్రం వేయడానికి ముందు వేచి ఉండటం కూడా పనిలో భాగమే అన్న నమ్మకం నస్రీన్‌కు ఆయన సాహచర్యంలో బలపడి ఉండాలి. 1961లో, ఇరవై నాలుగేళ్ళ వయస్సులో, బాల్ ఛబ్డా నెలకొల్పిన గ్యాలరీ 59లో ఆమె తొలి ఏకవ్యక్తి ప్రదర్శన జరిగింది. ఆ ఏడాదే ఫ్రెంచి ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద పారిస్ వెళ్ళి 1963 వరకు అక్కడ ఉన్నారు.

ఆ యౌవన కాలపు చిత్రాలను ఇప్పుడు చూసేవారికి కొంత ఆశ్చర్యం కలుగుతుంది. అవి గీతల చిత్రాలు కావు. పలచని నీటి రంగులో, నల్లని సిరాలో తడి తడిగా పరచిన మరకలు. కొమ్మలను, గడ్డిని, తీరంలోని వెలుగును స్ఫురింపజేసే కుంచె జాడలు. ప్రకృతి పూర్తిగా తొలగిపోలేదు, పూర్తిగా నిలవనూ లేదు. వాటిలో చేయి చురుకైనది. మనస్సు మాత్రం తన దారి ఇంకా వెతుక్కుంటున్నది. ఆనాటి బొంబాయిలో ఇట్టి సుకుమారమైన నైరూప్యం మెచ్చుకోలుకు నోచుకొన్నది కనుక ఆమె అక్కడే ఆగిపోయి ఉంటే సుఖంగానే సాగిపోయేది. ఆమె ఆగలేదు. రంగును వదిలారు, తరువాత కుంచెను కూడా వదిలారు. 1970 ప్రాంతం నుండి రూళ్ళకర్ర, మూలమట్టపు బిళ్ళలు, ఇంజనీర్లు వాడే రూలింగ్ పెన్ను, గట్టి పెన్సిలు - ఇవే ఆమె పనిముట్లు.

1972లో ఆమె బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయపు లలితకళా విభాగంలో అధ్యాపకురాలిగా చేరి, జీవితపు చివరి సంవత్సరాల వరకు అక్కడే ఉన్నారు. సూరత్ నుండి బరోడా రైలులో సుమారు రెండు గంటల దూరం. 1950లో ప్రారంభమైన ఆ విభాగం సంగతి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. ఇందోరు నుండి వచ్చిన బేంద్రే, బెంగాలు నుండి వచ్చిన శంఖో చౌధురి, కేరళలో జన్మించి శాంతినికేతన్‌లో చదివిన కె.జి. సుబ్రహ్మణ్యన్ - గుజరాతు నేల మీద ఆ విద్యాలయాన్ని రూపుదిద్దినవారిలో ఎందరో బయటివారే. మెదక్ జిల్లా నిజాంపూరులో పుట్టిన లక్ష్మా గౌడ్ 1960ల నడుమ కాలంలో అక్కడికే వెళ్ళి సుబ్రహ్మణ్యన్ వద్ద కుడ్యచిత్రణ, ముద్రణ విద్య అభ్యసించారు. తిరిగి వచ్చి తన ఊరి మేకలను, మోటు మనుషులను, పొదలను రాగి రేకుల మీద చెక్కారు. బరోడా ఆయనకు బరోడా చిత్రాలు నేర్పలేదు, నిజాంపూరును చూడటం నేర్పింది.

నస్రీన్ సహాధ్యాపకులలో జేరామ్ పటేల్ అనే మరొక నైరూప్య చిత్రకారుడు ఉండేవారు. ఆయన ఖేడా ప్రాంతపు సోజిత్రాకు చెందినవారు. చెక్క పలకలను పొరలు పొరలుగా అంటించి, వాటిని మండే దీపంతో కాల్చి, బొగ్గైన ఆ గుంటలనే చిత్రంగా నిలబెట్టినవారాయన. ఒకే విద్యాలయంలో ఒకరు నిప్పుతో, మరొకరు వెంట్రుక వంటి రేఖతో రూపాన్ని తొలగించే పని చేస్తుండటం విశేషం. 1962లో భావనగర్‌లో ఏర్పడి, ఆ సమావేశం జరిగిన ఇంటి నంబరునే పేరుగా పెట్టుకొన్న గ్రూప్ 1890లో జేరామ్ పటేల్ ముఖ్యులు. ఆ బృందంలోని పన్నెండుగురిలో ఆంధ్ర ప్రాంతానికి చెందిన రెడ్డెప్ప నాయుడు కూడా ఒకరు. 1963లో ఢిల్లీలో జరిగిన వారి ఏకైక ప్రదర్శనను పండిత జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. ఆ బృందపు మరొక సభ్యుడు అంబాదాస్, తరువాతి తరపు ప్రభాకర్ బర్వే, అర్పితా సింగ్ మొదలైనవారు ప్రభుత్వం నెలకొల్పిన నేతకారుల సేవాకేంద్రాలలో ఉద్యోగాలు చేసినవారే. అంటే, మగ్గానికి కొత్త నమూనాలు గీస్తూ గీస్తూ ఎందరో చిత్రకారులు తమ నైరూప్యాన్ని కనుగొన్నారన్నమాట. చిత్రకారుడు నేతకు ఏమి ఇచ్చాడో ప్రభుత్వ నివేదికలు చెబుతవి. నేత చిత్రకారుడికి ఏమి ఇచ్చిందో లెక్క కట్టినవారు తక్కువ.

నస్రీన్ అట్టి ఉద్యోగం చేసినవారు కారు. కాని ఆమె తీసిన ఛాయాచిత్రాలలో మగ్గం మీది పడుగు దారాలవి ప్రసిద్ధమైనవి. బిగించిన దారాలు చిత్రంలో ఒక మూల నుండి దూసుకువచ్చి, దూరం పోయేకొద్దీ దగ్గరై, వెలుగులో కరిగిపోయినట్లు కనిపిస్తవి. నేతగాడు కనపడడు, బట్ట కనపడదు. ఇదే తీరుగా ఆమె ఫతేపూర్ సిక్రీ రాతి అరుగులను, చండీగఢ్ కట్టడాలను, రోడ్డు మీద వేసిన తెల్లని చారలను, ఆటు వెనక్కి పోయినప్పుడు ఇసుకలో మిగిలిన గాట్లను ఫోటోలు తీశారు. వీటిని ఆమె జీవించి ఉండగా ప్రదర్శించలేదు. గీతల చిత్రాలు ఆకాశం నుండి ఊడిపడలేదని, కంటితో చూసిన లోకం నుండి ఏమేమి తీసివేయవచ్చునో ఆలోచించి ఆలోచించి చేసిన పని అని ఆ ఫోటోలు చూస్తే స్పష్టమవుతుంది.

ఆమె చిత్రణ విధానాన్ని నేత పరిభాషలోనే వివరిస్తే తేలికగా బోధపడుతుంది. మొదటి దశలో కాగితం నిండా అడ్డగీతలు, నిలువుగీతలు - పడుగూ పేకా వలె. అయితే అన్ని గీతలూ ఒకే దూరంలో ఉండవు. కొన్ని దగ్గర దగ్గరగా చేరి బూడిద రంగు పొరలా కనిపిస్తవి. కొన్ని ఎడమై తెలుపును లోనికి రానిస్తవి. నీడ వేయడానికి ఆమె రంగు పూయలేదు. గీతల సాంద్రతే నీడ. కొన్ని సిరాతో, కొన్ని లేత పెన్సిలుతో గీసినవి కావడం వలన ఒకటి ముందుకు వచ్చినట్లు, మరొకటి వెనక్కు జరిగినట్లు భ్రమ కలుగుతుంది. ఒక్కొక్కచోట గీత రావలసినది రాదు. నేతలో పోగు తప్పితే దోషం. ఆమె చిత్రంలో ఆ తప్పిన పోగే లయ. చూసేవారి కన్ను అక్కడ ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకొంటుంది. పోచంపల్లి చిటికి నేతలోను, పాటన్ పటోలాలోను ముందే రంగులద్దిన దారం నేసేటప్పుడు కొద్దిగా జరిగి, పువ్వు అంచు చెదిరినట్లు కనపడటం ఆ బట్టకు అందమైనట్లే ఇదీను. తెలంగాణలో పుట్టపాక, గుజరాతులో పాటన్ - పడుగుకూ పేకకూ రెంటికీ ముందే రంగు కట్టే ఆ అరుదైన విద్య ఈ రెండు సీమలకూ ఉమ్మడి సొత్తు అని విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

1970ల ద్వితీయార్ధంలో ఆ గడులు విడిపోవడం మొదలైంది. గీతలు ఏటవాలుగా లేచినవి. ఒక మూల నుండి మరొక మూలకు దూసుకుపోయే కర్ణాలు, గాలిలో తేలే పలకల వంటి ఆకృతులు వచ్చినవి. 1980లలో ఇంకా తగ్గించారు. పెద్ద తెల్లని కాగితం మీద మూడు నాలుగు కోణాలు, ఒకటి రెండు చాపాలు, ఒక వృత్తపు అంచు. అంతే. ఈ చివరి దశ చిత్రాలే ఆమె కృషిలో శిఖరమని చాలామంది భావిస్తారు. నిజానికి నడిమి కాలపు గడుల చిత్రాలలో ఉన్న సమృద్ధి వీటిలో లేదు. చూడగానే ఆకట్టుకొనేవీ కావు. కాని ఇవి గీసినప్పటి పరిస్థితి తెలిస్తే వీటి ముందు తొందరగా నడిచిపోవడం ఎవరికీ సాధ్యం కాదు.

నాడీమండలానికి సంబంధించిన ఒక వ్యాధి ఆమెను పట్టుకొన్నది. కాలక్రమాన కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పసాగినవి. నడకలో తూలు, చేతిలో వణుకు. సన్నని గీత గీయడమే జీవితమైన మనిషికి ఇంతకంటె క్రూరమైన రోగం ఉండదు. కుంచెతో పనిచేసే చిత్రకారుడైతే వణుకును కూడా శైలిగా మలచుకోవచ్చును. నస్రీన్ ఆ దారి తొక్కలేదు. పనిముట్ల ఆసరాతో, గంటల తరబడి ఏకాగ్రతతో, గీత వణకకుండా చూసుకొన్నారు. శరీరం ఎంత అదుపు తప్పితే కాగితం మీది రేఖ అంత నిశ్చలమైనది. ఆ కాగితాలను చూసి గీసినవారి చేతి సంగతి ఎవరూ ఊహించలేరు. ఊహించకూడదన్నదే ఆమె పట్టుదల.

ఆమె ఇల్లు కూడా ఆమె చిత్రాల వంటిదే. సామాను బహు తక్కువ. గీత బల్ల, కొద్ది పుస్తకాలు, శుభ్రమైన నేల. దినచర్య పుస్తకాలు రాసేవారు. వాటిలోని పేజీలలో చాలాచోట్ల రాసిన వాక్యాల మీద సిరాతో అడ్డంగా పట్టీలు వేసి, కొన్ని మాటలు మాత్రమే మిగిలేటట్లు చేశారు. బట్టలో పేక వేసినట్లు ఆ పట్టీలు పేజీని కొత్త చిత్రంగా మార్చివేసినవి. తరగతిలో ఆమె తన పద్ధతిని విద్యార్థుల మీద రుద్దలేదు. ఆకును, రాయిని, నీటి కదలికను ఎదుట పెట్టి ఓపికగా గీయించేవారు.

ఈ సందర్భంలో దాటవేయరాని ప్రశ్న ఒకటి ఉన్నది. ఆమె తమ్ముడు అల్తాఫ్ మొహమ్మదీ కూడా చిత్రకారుడే. వామపక్ష భావాలు గల అల్తాఫ్, నగరంలోని పీడిత జనాన్ని, వారి ఆగ్రహాన్ని చిత్రించినవాడు. పోస్టర్లు, ప్రదర్శనల ద్వారా కళను ప్రజల వద్దకు తీసుకువెళ్ళాలని తపించినవాడు. ఒకే ఇంట పుట్టిన అక్క గీతలు గీసింది, తమ్ముడు మనుషులను గీశాడు. ఎవరి కళ దేశానికి అవసరమైనది? డెబ్బైలలో ఈ వాదం చాలా తీవ్రంగా సాగింది. దేశం పేదరికంతో, అత్యవసర పరిస్థితితో, అశాంతితో సతమతమవుతున్నప్పుడు గీతలు గీస్తూ కూర్చోవడం పలాయనమని కొందరు అన్నారు. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. నస్రీన్ చిత్రాలను ఆమె జీవితకాలంలో చూసినవారు తక్కువ, కొన్నవారు మరీ తక్కువ. మరమగ్గం ముందు పన్నెండు గంటలు నిలబడి ఇంటికి వచ్చిన కార్మికునికి అవి వెంటనే ఏమి చెబుతవని అడిగితే, నిజాయితీగా చెప్పవలసినది - వెంటనే ఏమీ చెప్పవు.

అయితే ఆ కార్మికుని కన్ను గురించి కూడా నిజం చెప్పాలి. పడుగులో ఒక్క పోగు ఎడమైతే దూరం నుండే పట్టుకోగల కన్ను అది. రెండు తెలుపుల మధ్య తేడా తెలిసిన కన్ను. నస్రీన్ కోరినది అట్టి చూపునే. కథ చదివినట్లు కాక, బట్టను వెలుగుకు పట్టి చూసినట్లు తన చిత్రాన్ని చూడమన్నది ఆ చిత్రాల అభ్యర్థన. చదువు ఎక్కువై చూపు తక్కువైనవారికే అవి కష్టం. కనుక ఈ కళ కొద్దిమందిదే అని కళా పండితులు అన్నా, ప్రజాపక్షం వహించేవారు అన్నా, ఇద్దరూ నేతగాని కంటిని తక్కువ అంచనా వేసినట్లే.

మరొక తొందరపాటు కూడా కలదు. ఆమె ముస్లిం కుటుంబంలో జన్మించారు కనుక ఈ గీతలు ఇస్లామీయ అలంకారాల నుండి వచ్చినవని కొందరు, లండన్, పారిస్‌లలో చదివారు కనుక పాశ్చాత్య అనుకరణ అని మరికొందరు అంటారు. మొగలుల కట్టడాలను ఆమె ప్రేమతో చూశారు. పాశ్చాత్యులలో పాల్ క్లీని, మాలెవిచ్‌ను శ్రద్ధగా అధ్యయనం చేశారు. జెన్ బౌద్ధం చదివారు. వీటిలో ఏ ఒక్కదానితోను ఆ చిత్రాలు ముగియవు. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆగ్నెస్ మార్టిన్ అనే చిత్రకారిణి కూడా పెన్సిలు గడులతో ప్రసిద్ధికెక్కారు. విమర్శకులు ఈ ఇద్దరినీ తరచు పోలుస్తారు. పోలికలో ఒక లాభం ఉన్నది: తేడా కనపడుతుంది. మార్టిన్ గడులు మైదానంలా విశ్రాంతిగా పరచుకొని ఉంటవి. నస్రీన్ గీతలు ఎటో బయలుదేరినట్లు ఉంటవి.

1990లో కిహిమ్‌లో, చిన్ననాటి నుండి ఎరిగిన ఆ సముద్ర తీరాన, ఆమె మరణించారు. వయస్సు యాభై మూడేళ్ళు. ఆ తరువాతనే ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది. 2007లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగే డాక్యుమెంటా ప్రదర్శనలో ఆమె చిత్రాలు పెట్టారు. 2013లో ఢిల్లీలోని కిరణ్ నాడార్ కళా సంగ్రహాలయంలో సమగ్ర ప్రదర్శన జరిగింది. దానిని రూపొందించిన రూబీనా కరోడే బరోడాలో ఆమె శిష్యురాలు. 2015లో మాడ్రిడ్‌లోని రెయినా సోఫియాలో, 2016లో న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియం కొత్తగా తెరచిన మెట్ బ్రాయర్ భవనపు ప్రారంభ ప్రదర్శనలలో ఒకటిగా ఆమె కృషిని చూపించారు.

ఈ ప్రదర్శనలు నిర్వహించినవారికి ఎదురైన చిక్కు విచిత్రమైనది. ఆమె చాలా చిత్రాల మీద సంతకం లేదు, తేదీ లేదు, పేరు లేదు. ఏది ముందు, ఏది వెనుక అన్నది గీతలను బట్టి, కాగితాన్ని బట్టి, దినచర్య పుస్తకాలను బట్టి ఊహించవలసి వచ్చింది. అందుకే సంగ్రహాలయాలలో ఆమె చిత్రాల కింద పలకల మీద చాలావరకు ఒకే మాట కనిపిస్తుంది: శీర్షిక లేదు. సుమారు ఫలానా సంవత్సరం. సూరత్ మగ్గాల మీద నుండి నిత్యం దిగే బట్టల తాన్లకు కూడా నేసినవారి పేరు ఉండదు.